బీరు కాచే హోటల్లో భోజనం

ఒహాయో,
ఆదివారం సాయంత్రం.

అన్నయ్యకు సుగుణ నమస్కారాలు.

నేను క్షేమంగా ఉన్నాను. ఈ ముక్క ముందే రాసేస్తే మిగతాదంతా నువ్వు తీరిగ్గా చదువుకుంటావని మొదట్లోనే రాశాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదిన చెయ్యి కాలిందని మా స్రవంతి ఫోన్లో చెప్పింది, మానిందా? అమ్మ ఇంకా పొద్దున్నే లేచి పిండి పులిసిందో లేదో వేలు పెట్టి చూస్తోందా? వద్దంటే వినదని తెలుసు. అయినా నా మాటగా ఒకసారి చెప్పు. స్రవంతీ, వాళ్ళ నాన్నా ఆదివారాలు విజయవాడ నుంచి మీ దగ్గరికి వస్తున్నారని తెలిశాక నాకు ఇక్కడ సగం దిగులు తగ్గింది. మిగతా సగం వాళ్ళు ఇక్కడికి వస్తేగాని పోదు.

ఫోన్లో ఈ సంగతులు చెప్పుకోవడం కుదరదు. ఫోను కార్డులో ఉన్న నిమిషాలు "వినిపిస్తోందా", "ఆ, వినిపిస్తోంది", "ఇప్పుడో" అనుకోవడానికే చాలవు. హోటల్లో నీ చుట్టూ గోల. అందుకే ఉత్తరం. మధ్యాహ్నం బేరం అయ్యాక చదువు.

చలి తగ్గుతుంది, తగ్గుతుంది అంటున్నారు గాని తగ్గలేదు. రోడ్డు పక్కకి ఊడ్చి పోసిన మంచు నల్లబడిపోయి, మన డాబా మీద థర్మల్ స్టేషను బూడిద పేరుకున్నట్టు ఉంటుంది. వచ్చిన కొత్తలో మంచు తెల్లదనం చూసి మురిసిపోయాను. ఇప్పుడు చూస్తే చీపురు ఎక్కడుందా అనిపిస్తుంది. అన్నం వండుకుంటున్నాను, తింటున్నాను. కందిపప్పు దొరికే కొట్టుకి గంట ప్రయాణం. తోటి టీచరు నెలకోసారి కార్లో తీసుకెళుతుంది. ఆరోగ్యం బాగానే ఉంది. మళ్ళీ చెబుతున్నాను, బాగానే ఉంది.

అసలు సంగతి ఏమిటంటే, నిన్నటి శనివారం కాదు, దానికి ముందరి శనివారం కాదు, ఆ ముందరి శనివారం నేను ఒక బార్‌లో భోజనం చేశాను. కంగారు పడకు. ఈ వాక్యం ఒక్కటీ వదినకి చదివి వినిపించి ఆగిపోకు. చివరిదాకా చదువు.

దీనికంతటికీ మొదలు జనవరిలో నేను చేసిన ఒక తప్పు. నీకు చెప్పలేదు, స్రవంతి వాళ్ళ నాన్నకి కూడా సగమే చెప్పాను. మన కాలేజీల పద్ధతి నీకు తెలుసు. ఆదివారం పరీక్ష, మంగళవారానికల్లా నోటీసు బోర్డు మీద ర్యాంకుల లిస్టు, మొదటి పేరు నుంచి ఆఖరి పేరు వరకు. ఇన్నేళ్ళలో నా చేత్తో అలాంటి లిస్టులు ఎన్ని అంటించానో నాకే తెలియదు. అది తప్పని ఎవరూ అనలేదు. తండ్రులు బస్సు దిగి నేరుగా బోర్డు దగ్గరికి వచ్చి, వేలు కిందికి జరుపుకుంటూ చదివేవాళ్ళు. పైన ఉంటే స్వీటు పెట్టె, కింద ఉంటే అక్కడికక్కడే పిల్లవాడికి ఒకటి. నేను చూసిన చదువు అదే.

ఇక్కడి హైస్కూల్లో కూడా సెమిస్టరు లెక్కల పరీక్ష కాగితాలు దిద్ది, లిస్టు శుభ్రంగా టైపు చేసి, క్లాసు తలుపుకి అంటించాను. లోపలికి వచ్చి పైనుంచి కిందికి చదివాను కూడా. క్లాసంతా నిశ్శబ్దం. ఈ దేశం వచ్చాక క్లాసులో అంత నిశ్శబ్దం నాకు ఎప్పుడూ దొరకలేదు. హమ్మయ్య, దారికి వచ్చారు అనుకున్నాను. ఆఖరి పేరు కెల్లీ. పదిహేనేళ్ళ పిల్ల. పేరు వినగానే పుస్తకాలు సంచిలో సర్దుకుని బయటికి వెళ్ళిపోయింది.

మర్నాటికల్లా వాళ్ళమ్మ రాసిన ఫిర్యాదు ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంది. ఆయన పెద్దాయన, గొంతు పెంచే మనిషి కాదు. "ఇక్కడ పిల్లల మార్కులు డాక్టరు చీటీ లాంటివి సుగుణా. ఆ పిల్లకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ తప్ప ఇంకెవరికీ చూపించకూడదు" అన్నారు. లిస్టు ఆ గంటలోనే పీకేశాను. ఆయనకి క్షమాపణ చెప్పాను. పిల్లకి మాత్రం చెప్పలేదు.

చెప్పాలని తెలుసు అన్నయ్యా. కాని పాఠం చెప్పేవాళ్ళు చదువుకునే పిల్లకి క్షమాపణ చెప్పడం నేను ఎక్కడా చూడలేదు. నోరు రాలేదు. రేపు చెబుదాం అనుకోవడం, రేపు వచ్చాక ఆ పిల్ల తల వంచుకుని కూర్చోవడం చూసి, మానుతున్న పుండుని ఎందుకు కదపడం అనుకోవడం. అలా రెండు నెలలు పోయాయి. ఆ రెండు నెలలూ కెల్లీ నా క్లాసులో నోరు విప్పలేదు.

ఇక్కడ మా ఉద్యోగాలు ఏడాది ఒప్పందం కాగితం మీద నడుస్తాయి. రెండో ఏడాదికి మళ్ళీ కాగితం ఇస్తేనే స్రవంతినీ, వాళ్ళ నాన్ననీ తెచ్చుకోవడం. ఇవ్వకపోతే జూన్‌లో పెట్టె సర్దుకుని, కాలేజీ గేటు దగ్గర "ఏంటి మేడం, అప్పుడే వచ్చేశారే" అనే వాచ్‌మన్‌కి సమాధానం వెతుక్కోవడం. మార్చి మొదట్లో ప్రిన్సిపాల్ పిలిచి, "నీ పాఠం మీద నాకు అనుమానం లేదు. కాని ఆ ఉత్తరం నీ ఫైల్లో ఉంది, పైవాళ్ళు చూస్తారు. ఆ తల్లితో ఒకసారి మాట్లాడు" అన్నారు. ఎలా మాట్లాడాలా అని నేను తర్జనభర్జన పడుతుండగానే ఆవిడే కబురు పంపింది. క్లాసు అయ్యాక కెల్లీ నా బల్ల మీద ఒక చీటీ పెట్టి వెళ్ళిపోయింది. "శనివారం మధ్యాహ్నం మా దగ్గరికి భోజనానికి రండి. బర్గర్లు బాగుంటాయి. కెల్లీ తల్లి, డోనా." కింద అడ్రసు.

అది ఎలాంటి చోటని తోటి టీచర్ని అడిగితే నవ్వింది. "బ్రూపబ్బు. బీరు అక్కడే కాస్తారు, అక్కడే పోస్తారు. ఈ పేటలో అందరూ వెళతారు, చర్చి అయ్యాక ముసలమ్మలు కూడా" అంది. ముసలమ్మల సంగతి సరే. మన దగ్గర లెక్కల మేడం బారు మెట్లు ఎక్కిందంటే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. పైగా మన కాలేజీ యాజమాన్యం పిలిచి కాఫీ ఇచ్చిందంటే అది ఉద్యోగం తీసేసే ముందరే. ఈవిడ భోజనం పెట్టి మరీ తిడుతుందా? నేను తాగే మనిషినా అని చూస్తుందా? నా సంగతి నీకు తెలుసుగా, కుక్కరు విజిలు రెండు వచ్చాయా మూడు వచ్చాయా అని కూడా అనుమానమే. వెళితే ఒక తప్పు, వెళ్ళకపోతే ఇంకో తప్పు అనిపించింది. చివరికి మంగళగిరి చీర కట్టుకుని, పైన కోటు తొడుక్కుని, నడిచే వెళ్ళాను.

తలుపు తీయగానే ఏం వాసన కొట్టిందనుకున్నావు? ఇడ్లీ పిండి. పొద్దున్నే గంగాళం మూత తీస్తే వచ్చే వాసన, అచ్చంగా అదే. గాజు గోడ వెనక మనిషి ఎత్తు స్టీలు డ్రమ్ములు, వాటిలో బార్లీ పులుస్తోంది. మన బార్లకుండే పరదాలూ, ఎర్ర దీపాలూ ఏవీ లేవు. కిటికీల్లోంచి నిండా ఎండ. ఒక బల్ల దగ్గర ఎవరో తాతగారు పసిపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బంగాళాదుంప ముక్క ఊది ఊది తినిపిస్తున్నాడు. ఎదురుగా ఆయన బీరు గ్లాసు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. బల్లలన్నీ నిండి, తలుపు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు.

డోనాకి నా వయసే ఉంటుంది. నడుముకి ఏప్రను, చెవి మీద పెన్సిలు. చేతుల మీద నూనె చిందిన మచ్చలు, వదిన చేతులకి ఉన్నట్టే. ఆవిడ మాటలు మన మాటల్లోకి తిప్పి రాస్తున్నాను. తీరు మాత్రం ఇంగ్లీషులోనూ ఇదే.

"వచ్చారా! మీరు రారని మా అన్నయ్యతో పందెం కాశాను. ఓడిపోయాను."

"ఎందుకు రాననుకున్నారు?"

"నేనైతే రానుగా మరి."

వాళ్ళన్నయ్య గాజు గోడ వెనక బీరు చూసుకుంటాడు, ఈవిడ వంటిల్లు. అన్నాచెల్లెళ్ళ హోటలు. నువ్వు గుర్తుకు రాకుండా ఎలా ఉంటావు చెప్పు.

నన్ను తీసుకెళ్ళి మూల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఎదురుగా కెల్లీ, తల వంచుకుని. రెండు నిమిషాల్లో డోనా రెండు పళ్ళేలు తెచ్చి పెట్టింది. "మీరు గొడ్డు మాంసం తినరని మా పిల్ల చెప్పింది. మీకు గింజలతో చేశాను" అంది. ఎప్పుడో క్లాసులో ఎవరో అడిగితే చెప్పిన మాట. కెల్లీ వింటోందని కూడా నాకు తెలియదు. బర్గరంటే ఏం లేదు అన్నయ్యా, మన మసాలా వడని అరచేయంత చేసి, చీల్చిన బన్నులో పెట్టి, మీద ఉల్లి చక్రం, ఒక ఆకు, ఊరేసిన దోసకాయ ముక్కలు. నాది నల్ల చిక్కుడు గింజల వడ. పక్కన గుట్టగా బంగాళాదుంప వేపుడు. తాగడానికి చల్లటి నిమ్మకాయ నీళ్ళు. "కానివ్వండి, ఇప్పుడే వస్తా" అని డోనా వెళ్ళింది. ఇప్పుడే రావడం ఎక్కడ? ఒక బల్ల దగ్గర పళ్ళెం దింపి, ఇంకో బల్ల తుడిచి, వంటింట్లోకి కేకేసి, మళ్ళీ తలుపు దగ్గరికి.

నాకు చెయ్యి లేవలేదు. ఎదుట కెల్లీ కూడా తినడం లేదు. వాళ్ళమ్మ చెప్పి ఉంచిందట, టీచరు మొదలుపెట్టేదాకా ముట్టుకోవద్దని. ఆమె నా కోసం, నేను వాళ్ళమ్మ కోసం. బంగాళాదుంపలు మెత్తబడిపోతున్నాయి. ఆ పళ్ళేలు అలా చల్లారిపోతుంటే చూడలేకో, ఇంకెక్కడా ఇంత దగ్గరగా కూర్చోమనో, నోరు దానంతటదే తెరుచుకుంది.

"కెల్లీ, జనవరిలో నేను చేసింది తప్పు. నీ పేరు అలా తలుపుకి అంటించకూడదు. అందరి ముందూ చదవకూడదు. నన్ను క్షమించు. ఈ మాట అప్పుడే చెప్పాల్సింది, రెండు నెలలు దాటేశాను. అది రెండో తప్పు."

ఆ పిల్ల భుజాలు ఎగరేసింది. "ఫర్లేదు" అంది గాని ఫర్లేదన్నట్టు లేదు ముఖం. తల ఎత్తకుండానే, "మీరెప్పుడైనా ఆఖరున వచ్చారా?" అని అడిగింది.

ఎవరూ అడగలేదు నన్ను ఆ ప్రశ్న. నీకు కూడా చెప్పలేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను, తిట్టుకోకు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మొదటి పరీక్షలో నేనే ఆఖరు. నువ్వు అడిగితే బాగా రాశానని ఉత్తరం రాశాను. నువ్వు ఆ ఉత్తరం చూసి, ఆ రోజు హోటలుకి వచ్చినవాళ్ళందరికీ మైసూర్‌పాక్ పంచావు. నేనేమో యూనివర్సిటీలో అందరూ వెళ్ళిపోయేదాకా నోటీసు బోర్డు దగ్గర తచ్చాడి, ఆ లిస్టు పీకి, ముక్కలు ముక్కలు చేశాను. ఇదంతా కెల్లీకి చెప్పాను. ఆ పిల్ల మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"మీరూ పీకేశారా? మరి మాకెందుకు అంటించారు?"

ఆ అవమానమే నన్ను చదివించిందని ఇన్నాళ్ళూ నమ్మాను. చదివించిందా? లేక చదువుతో పాటు దాన్ని కూడా నేర్చుకుని తర్వాతివాళ్ళకి అందించానా? "తెలియదు" అన్నాను. కెల్లీ ఒప్పుకున్నట్టు తల ఊపి, "లిస్టు ఒక్కటే కాదు. నేను పుస్తకంలోకి ఎక్కించుకోకముందే మీరు బోర్డు తుడిచేస్తారు" అంది. మన కాలేజీల వేగం అది. నిజమే కదా, అక్కడ తుడిచే చేతికీ రాసే చేతికీ తేడా ఉండేది కాదు.

అప్పుడు డోనా వచ్చింది, నిండుగా ఉన్న పళ్ళేలు చూసి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఏంటి, ఇద్దరూ ఉపవాసమా?" అని, నా వంక చూసి ముఖం ముడుచుకుంది. "మా దగ్గర తినకూడదా మీరు? బీరు గ్లాసులు తిరుగుతున్నాయనా? ముందే చెబితే ఇంటి దగ్గరే పెట్టేదాన్నిగా."

"అది కాదండీ. మీరు నిలబడి ఉన్నారు."

"నిలబడితే?"

"మాదీ హోటలే. బేరం మీద ఉన్నప్పుడు, వడ్డించేవాళ్ళు నిలబడి ఉండగా మా ఇంట్లో ఎవరూ కూర్చుని తినరు. ఆఖరి మనిషి చెయ్యి కడుక్కున్నాకే మాకు భోజనం. మా నాన్న పెట్టిన పద్ధతి. మీరు అలా తిరుగుతుంటే నాకు దిగడం లేదు."

"మీది ఏమిటన్నారు?"

"హోటలు. కరెంటు ఫ్యాక్టరీ షిఫ్టుల వాళ్ళకి టిఫిన్లూ భోజనాలూ. మా నాన్నది. ఇప్పుడు మా అన్నయ్య నడుపుతున్నాడు."

ఈ మాట అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎందుకో చెబుతాను. కాలేజీలో మీవాళ్ళు ఏం చేస్తారని ఎవరు అడిగినా "బిజినెస్" అని ఊరుకునేదాన్ని. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా అదే అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. నువ్వు ఒక్కసారి కూడా నన్ను అడగలేదు గాని నీకు తెలుసనే నా అనుమానం. ఆ రోజు ఆ బీరు హోటల్లో, తెలియనివాళ్ళ మధ్య, తడుముకోకుండా వచ్చింది ఆ మాట. నా గొంతులో గర్వం ఉంది. ఉందని నేను విన్నాను.

డోనా ఏప్రను విప్పేసింది. గాజు గోడ మీద వేలి కణుపులతో కొట్టి, "అన్నయ్యా, బయటికొచ్చి బల్లలు చూసుకో. నేను తింటున్నా" అని కేకేసింది. ఆయన ఆశ్చర్యంగా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. శనివారం మధ్యాహ్నం కూర్చుని తిని ఎన్నేళ్ళయిందో డోనాకి గుర్తు లేదట. కూర్చున్నాక ఇక ప్రశ్నలే. పొయ్యి ఎలాంటిది, నూనె ఎన్నాళ్ళకి మారుస్తారు, వర్షానికి బేరం పడిపోతుందా.

"వంటవాడు చెప్పకుండా మానేస్తే మీ అన్నయ్య ఏం చేస్తాడు?"

"లుంగీ ఎగ్గట్టి ఆయనే పెనం దగ్గర నిలబడతాడు."

"అదృష్టవంతులు మీరు. మావాడైతే నన్ను నిలబెడతాడు."

"వినిపిస్తోంది" అన్నాడు ఆయన పక్క బల్ల తుడుస్తూ. కెల్లీ నోట్లో బన్ను పెట్టుకునే నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడటం అదే మొదలు.

తర్వాత డోనా సూటిగా అసలు సంగతికి వచ్చింది. "మీరు మా పిల్లతో అన్న మాటలు విన్నాను. పక్క బల్లే తుడుస్తున్నాను అప్పుడు. బాగుంది. కాని నేను రాసిన ఉత్తరం వెనక్కి తీసుకోను. అందులో అబద్ధం లేదు."

ఒక్క క్షణం నా కళ్ళ ముందు జూన్ నెల, పెట్టె, కాలేజీ గేటు కదిలాయి. అయినా ఆవిడ అన్నది న్యాయమే. "లేదండీ. తీసుకోవద్దు" అన్నాను.

"సరే. తినండి, చల్లారిపోయింది."

తిన్నాను. ఉప్పు సరిపోయింది, కారం మాత్రం లేదు, పచ్చిమిరపకాయ కొరుక్కోవాలి. ఇక్కడికి వచ్చాక నలుగురిలో చేత్తో తిన్నది అదే మొదటిసారి. రెండు చేతులతో పట్టుకుంటే రసం మోచేతి దాకా కారింది, ఎవరూ ఏమీ అనుకోలేదు.

సోమవారం నుంచి బోర్డుకి నిలువునా గీత గీసి సగం తుడిచి సగం ఉంచుతున్నాను. వేగం తగ్గింది, సిలబస్ అవుతుందో లేదోనని గుబులు. నాలుగో రోజున కెల్లీ చెయ్యి ఎత్తి, మూడో మెట్టు అర్థం కాలేదంది. ఆమె అడిగాక ఇంకో ఆరు చేతులు లేచాయి, అదే మెట్టుకి. జనవరి నిశ్శబ్దంలో ఆ ఏడుగురూ ఉన్నారన్న మాట.

మొన్న శుక్రవారం ప్రిన్సిపాల్ పిలిచారు. బల్ల మీద నా ఫైలు తెరిచి, రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టారు. రెండూ డోనా రాసినవే. రెండోది చదవమన్నారు. "మొదటి ఉత్తరంలో నేను రాసింది నిజం. ఈ టీచరు మా బల్ల దగ్గర కూర్చుని, ముద్ద ముట్టకముందే మా అమ్మాయికి క్షమాపణ చెప్పింది. ఇదీ నిజం. వచ్చే ఏడాది కూడా మా అమ్మాయికి లెక్కలు ఈవిడే చెప్పాలి." అంతే ఉంది. నాకు అక్షరాలు అలుక్కుపోయాయి, రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఆయన కొత్త ఏడాది కాగితం నా ముందుకి జరిపారు. సంతకం పెట్టాను అన్నయ్యా. స్రవంతికి ఫోను చేస్తే అది అరిచిన అరుపుకి చెవి ఇంకా గుయ్‌మంటోంది. వాళ్ళిద్దరి కాగితాల పనికి నువ్వు ఒకసారి తోడు వెళ్ళు, వాళ్ళ నాన్న ఏ గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేసే రకం. వదినని సంచుల నిండా పచ్చళ్ళు కట్టొద్దని చెప్పు. కారప్పొడి ఒక్కటి చాలు. సరే, మాగాయ కూడా.

అమ్మకు నా పాదాభివందనాలు. వదినకు నమస్కారాలు. పెనం దగ్గర ఉన్నవాళ్ళని, వడ్డించేవాళ్ళని అందరినీ పేరు పేరునా అడిగానని చెప్పు. అక్కడి నుంచే చెయ్యెత్తి నన్ను దీవించు, వచ్చే ఏడాదికి నాకు అది కావాలి.

ఒకటి రాయడం మిగిలిపోయింది. సంతకం అయ్యాక ప్రిన్సిపాల్ మొదటి ఉత్తరం చేతిలోకి తీసుకుని, "ఇక దీనితో పనిలేదు. తీసేయమంటే తీసేస్తాను" అన్నారు. ఏది అడిగినా ఆలోచించి చెబుతానండీ అనే మనిషిని కదా నేను. ఆలోచించలేదు. ఉంచండి, రెండూ ఉంచండి అన్నాను.

నీ చెల్లెలు,
సుగుణ